పత్తి పని అయినంక వీడర్ (కలుపు తీసే బండి) ట్యాంకుల పెట్రోల్ ఉంచాల్నా, తీసెయ్యాల్నా?

పరకాల రేగడి:
పత్తి చాళ్లు కమ్ముకున్నంక వీడర్‌ను మూలకు పెడ్తం. మళ్ల స్టార్ట్ చేసే తాడు గుంజేది వచ్చే జూన్‌లనే. 7 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ బండి గురించి అడుగుతున్న. ట్యాంకు నిండ పోసి పెట్టాలంటరు కొందరు. నేనైతే చుక్క లేకుండ తియ్యాలంట. 2025 నుంచి బంకులల్ల 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తున్నది. ఇథనాల్ గాలిల తేమను గుంజుకుంటది. నీళ్లు ఎక్కువైతే రెండూ కలిసి అడుగుకు దిగుతయి. పెట్రోల్‌ను గాలితోని కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటర్‌కు ముందు పోయేది ఆ అడుగు నీళ్లే.

వర్ధన్నపేట చెలక:
ఖాళీ ట్యాంకు లోపట తుప్పు పడ్తది. ఇనుప ట్యాంకు అది, ప్లాస్టిక్‌ది కాదు. నిండ ఉంటే గాలికి జాగ ఉండది, తుప్పు రాదు. దీనికి జవాబు చెప్పుండ్రి ముందుగాల.

హన్మకొండ పానా:
రిపేరుకు వచ్చేటివి తుప్పుతోని కావు అన్నా, జెట్టు (కార్బొరేటర్ల పెట్రోల్ పోయే సన్న గొట్టం) మూసుకపోయి. మెయిన్ జెట్టు రంధ్రం ఒక మిల్లీమీటర్ కన్న సన్నగుంటది. పెట్రోల్ ఆరిపోయి జిగురు కడితే బండి చోక్ మీదనే నడుస్తది, చోక్ తీస్తే ఆగుతది. లేకుంటే రేస్ పెరుగుతది, తగ్గుతది, నిలకడ ఉండది.
ఇట్ల చెయ్యుండ్రి. ట్యాంకుల పెట్రోల్ డబ్బాలకు తీసుకోండ్రి. ఇంజన్ స్టార్ట్ చేసి, అదే ఆగేదాక నడవనియ్యాలె. ఆగినంక గూడ కార్బొరేటర్ కింది గిన్నెల కొంచెం మిగుల్తది. గిన్నె అడుగు బోల్టు విప్పి అది గూడ వదలాలె. చాలామంది ఇదే ఇడిచిపెడ్తరు. ఇంజన్ వేడి మీదున్నప్పుడే ఆయిల్ మార్చాలె, సుమారు 600 మిల్లీలీటర్లు పడ్తది, 10డబ్ల్యూ30 గ్రేడు ఆయిల్ చాలు. ప్లగ్గు విప్పి ఒక చెంచా ఆయిల్ పోసి, తాడు మెల్లగ గుంజి, బిగువు తగిలిన కాడ ఆపాలె. అక్కడ వాల్వులు రెండూ మూసి ఉంటయి, లోపటికి తేమ పోదు.

ములుగు మిర్చి:
బ్లేడ్ల షాఫ్ట్ కాడ ఆయిల్ కారుతున్నది. దేనికి?

హన్మకొండ పానా:
బ్లేడ్లు ఊడదీసి చూడుండ్రి. గడ్డి, డ్రిప్పు పైపు ముక్కలు షాఫ్ట్‌కు చుట్టుకొని సీల్‌ను (ఆయిల్ కారకుండ ఆపే రబ్బరు రింగు) కోస్తయి. అవి తీసి కొత్త సీల్ ఏసి, గేర్ బాక్సుల 90 నంబర్ ఆయిల్ పొయ్యాలె. మళ్ల బిగించేటప్పుడు బ్లేడు పదును దిక్కు మట్టికి ముందు తగలాలె. కుడి ఎడమ మారితే బండి పైపైన ఉరుకుతది, దిగది.

వర్ధన్నపేట చెలక:
తుప్పుకు జవాబు రాలే ఇంక.

పరకాల రేగడి:
రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి ట్యాంకును అటిటు తిప్పితె గోడలకు పడ్తది, తుప్పు రాదు. జూన్‌ల ఒక గ్లాసెడు పెట్రోల్ పోసి కడిగి పారబోసినంకనే నింపాలె. ఎన్నిసార్లు చెప్పినా అదే మాటనా? కార్బొరేటర్ మూసుకపోతే ఖర్చు మీరిస్తరా?

వర్ధన్నపేట చెలక:
ఖర్చు ఇచ్చింది నేనే! మా నలుగురికి ఒక్కటే వీడర్. కలుపు టైముకు అందరు కొట్టుకుంటరు. సీజన్ చివర్ల ఎవరి ఇంటికాడ ఆగితే వాడే పెట్రోల్ తీసి, ఆయిల్ మార్చి, జూన్‌ల జెట్టు కడిగియ్యాలె. ఇంట్ల ఒక్కనికే బండి ఉన్నోళ్లకు తియ్యమని చెప్పుడు అల్కగనే ఉంటది.

పరకాల రేగడి:
గట్లయితే మీ పంచాయితీ పెట్రోల్‌ది కాదు గదా. ఎవరి చేతుల ఆగితే వాళ్లే చెయ్యాలె.

వర్ధన్నపేట చెలక:
ఎందుకు? 5 ఎకరాలు కొట్టినోడు, ఎకరం కొట్టినోడు ఒక్కటేనా? ఎన్ని గంటలు నడిపినమో హ్యాండిల్‌కు కట్టిన నోట్‌బుక్కుల రాయాలె. ఆయిల్, ఫిల్టర్, సీల్ పైసలు ఆ లెక్కన పంచాలె.

హన్మకొండ పానా:
గంటలు రాస్తే నాకు గూడ సుకూన్. కొత్త బండికి మొదటి ఆయిల్ 20 గంటలకు, తర్వాత 100 గంటలకు. చెలక దుమ్ముల ఎయిర్ ఫిల్టర్ రోజూ దులపాలె. నోట్‌బుక్కు లేకుంటే నలుగురిల ఒక్కడు గూడ ఫిల్టర్ మూత తియ్యడు.

పరకాల రేగడి:
రాసుకోండ్రి, మంచిదే. పెట్రోల్ మాత్రం చివరోడు తియ్యాల్సిందే. నేను దాని మీదనే ఉన్న.

వర్ధన్నపేట చెలక:
తీస్త. కూలి లెక్కగట్టి నోట్‌బుక్కుల రాస్త.