సౌండ్‌బార్‌ను రిసీవర్‌తో కలిపి వాడొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి

నమస్తే అండీ, మాది కడప. పది బై పన్నెండు అడుగుల గదిలో టీవీ కింద 2.1 సౌండ్‌బార్ ఉంది. పోయిన నెల మా బావ తన పాత 5.1 రిసీవర్ (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్ కలుపుకునే ఆంప్లిఫయర్ పెట్టె), నాలుగు స్పీకర్లు ఇచ్చాడు. మాటలు ఎక్కువగా వినిపించే, మధ్యలో పెట్టే సెంటర్ స్పీకర్ మాత్రం లేదు. ఆ చోట సౌండ్‌బార్‌ను వాడుకోవాలని నా ఆశ.

బార్‌లోనే ఆంప్లిఫయర్ ఉంటుంది కాబట్టి రిసీవర్ స్పీకర్ వైర్లు దానికి కలపకూడదని తెలుసు. అందుకే రిసీవర్‌ను హెచ్‌డీఎంఐ ఆర్క్‌తో (టీవీ సౌండ్‌ను బయటికి పంపే హెచ్‌డీఎంఐ పోర్ట్), బార్‌ను ఆప్టికల్ కేబుల్‌తో టీవీకి కలిపాను. రెండూ మోగుతున్నాయి. కానీ ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తోంది, మొదట రిసీవర్ స్పీకర్లలో, వెంటనే బార్‌లో. నేలంతా బండలే కదా, గది మోగుతోందేమోనని బొంత పరిచి చూశాను. తేడా లేదు.

మా నాయనకు వినికిడి తగ్గింది. నిన్న రాత్రి "ఏమన్నాడురా?" అని మూడుసార్లు అడిగి, లేచి వెళ్ళిపోయాడు. నాకు చాలా బాధేసింది. ఆయనకు మాటలు స్పష్టంగా వినిపిస్తే చాలు.

రిసీవర్ వెనక సబ్‌వూఫర్‌కు తప్ప వేరే ప్రీ అవుట్ (వేరే ఆంప్లిఫయర్‌కు సౌండ్ పంపే సాకెట్) లేదు. సెంటర్ సౌండ్ ఒక్కటే బార్‌కు పంపే దారి ఏదైనా ఉందా? పంపినా ఆ ఆలస్యం పోతుందా? లేక సెట్టింగ్స్‌లో సెంటర్ లేదని పెట్టి, ముందువైపు స్పీకర్లతోనే సర్దుకోవాలా? రిసీవర్ మీద కలపదగిన స్పీకర్ల ఇంపీడెన్స్ (కరెంట్‌కు స్పీకర్ చూపే నిరోధం) 6 నుంచి 16 ఓమ్స్ అని ఉంది. పాత సెంటర్ స్పీకర్ కొనాలంటే ఏం చూసుకోవాలో కూడా దయచేసి చెప్పండి.