ఫ్రీ సాఫ్ట్‌వేర్: ఉచితమా, స్వేచ్ఛా?

ప్రశ్న: ఒక అనువాదంలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ అన్నచోటల్లా "ఉచిత సాఫ్ట్‌వేర్" అని ఉంది. "స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్" అందామంటే వైరి సమాసమేమో అని సందేహం. ఏది వాడాలండీ?

జవాబు: సంస్కృతం పక్కన ఇంగ్లీషు చేరింది కాబట్టి వైరి సమాసం కోవలోదే. అయితే "విద్యుత్ మీటరు"ని ఎవరూ తప్పు పట్టరు కదా, ఇదీ అంతే. స్వ + ఇచ్ఛ, గుణసంధి. స్వేచ్ఛా వాణిజ్యంలో లాగే సమాసంలో దీర్ఘం నిలుస్తుంది. "చ్చ" అని రాయకండి, "చ్ఛ".

"ఉచిత" మాత్రం ఇక్కడ తప్పే. సంస్కృతంలో ఉచితం అంటే తగినది. ఔచిత్యం, అనుచితం అక్కడివే. మనకు డబ్బు కట్టనక్కర్లేనిదని స్థిరపడింది. పైగా ఎన్నికల వేళ "ఉచితాలు" అనే మాట మోగిపోతుంది, చదివేవాళ్ల మనసు అటే పోతుంది. 1983లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ తయారీకి గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ అడిగింది ధర గురించి కాదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ నిర్వచనంలోని నాలుగు స్వేచ్ఛలకు సున్నా నుంచి మూడు దాకా అంకెలు: నడుపుకోవడం, లోపలి కోడ్ చూసి మార్చుకోవడం, నకళ్లు పంచడం, మార్చినదాన్ని పంచడం. డబ్బుకు అమ్ముకున్నా అభ్యంతరం లేదు. అనువదించే ముందు లైసెన్సు చూడండి. క్రోమ్ బ్రౌజర్ ఉచితం, దానికి మూలమైన క్రోమియం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్.

మలయాళంలో "స్వతంత్ర" అంటారు, తమిళంలో "కట్టట్ర", అంటే కట్టు లేనిది. తమిళం మాట నాకు అన్నిటికన్నా నచ్చుతుంది.

ప్రశ్న: మరి కాపీలెఫ్ట్‌లో లెఫ్ట్ అంటే వామపక్షమేనా?

జవాబు: కాదండీ. మార్చినదాన్ని పంచితే అవే స్వేచ్ఛలతో పంచాలనే లైసెన్సు షరతు పేరు కాపీలెఫ్ట్. కాపీరైట్‌లోని రైట్‌కు హక్కు, కుడి అని రెండర్థాలు. దాని మీద శ్లేష. తెలుగులో ఆ శ్లేష నిలవదు, అలాగే ఉంచేయండి. బలపరిచేవాళ్లూ ఒకే పక్షం కాదు. కేరళలో 2006 నాటి వామపక్ష ప్రభుత్వం ఈ సాఫ్ట్‌వేర్‌ను గట్టిగా బలపరిచింది. ఓపెన్ సోర్స్ ప్రచారకుడు ఎరిక్ రేమండ్ ప్రభుత్వ జోక్యమే వద్దనే లిబర్టేరియన్. 1998లో "ఓపెన్ సోర్స్" అనే మాట పుట్టిందే ఇదే సాఫ్ట్‌వేర్ గురించి కంపెనీలకు సిద్ధాంతం ఊసెత్తకుండా చెప్పడానికి. అందుకే "ఓపెన్ సోర్స్"ను "స్వేచ్ఛా" అని అనువదిస్తే ఆ మాట పుట్టించినవాళ్లు వదిలించుకున్న మాటనే మళ్లీ తగిలించినట్టు.

ఇంకొక్కటి. సున్నా స్వేచ్ఛను "ఏ ప్రయోజనం కోసమైనా" అని రాస్తున్నారు. తెలుగులో ప్రయోజనం అనగానే మేలు అని తోస్తుంది. కానీ ఆ స్వేచ్ఛకు మంచిచెడుల షరతు లేదు. "మంచికే వాడాలి, చెడుకు కాదు" అన్న జేసన్ (JSON అనే డేటా ఫార్మాట్ కోడ్‌కు పెట్టిన) లైసెన్సును స్టాల్‌మన్ స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ స్వేచ్ఛా లైసెన్సుగా ఒప్పుకోలేదు, వాడకానికి షరతు పెట్టింది కాబట్టి. "ఏ పనికైనా" అని రాయండి.