టాన్‌బి మోటారు: ఎక్స్‌బిబి, ఎక్స్‌బిడి లెక్క 5:2 ఆ, 6:3 ఆ?

మర్రిపాలెం_మైక్రోబ్
ఈ.కోలై బ్యాక్టీరియా వెలుపలి పొరకి సొంతంగా శక్తి లేదు. అయినా బి12, ఇనుమును మోసుకొచ్చే సిడెరోఫోర్లు దాన్ని దాటి లోపలికి వస్తున్నాయి. లోపలి పొరలోని ఎక్స్‌బిబి, ఎక్స్‌బిడి అనే ప్రోటీన్లు ప్రోటాన్ ప్రవాహం నుంచి శక్తి తీసి, దాన్ని వెలుపలి పొరకి చేర్చే టాన్‌బి ప్రోటీన్ చేతికిస్తాయి. 2016 స్ఫటిక నిర్మాణంలో ఎక్స్‌బిబిలు ఐదు. 2018లో మరో బృందం, పీహెచ్ పెరిగేకొద్దీ ఆరు ఎక్స్‌బిబిల మధ్య మూడు ఎక్స్‌బిడిలున్న రూపం ఎక్కువవుతోందని చూపింది. 2019లో క్రయో-ఈఎంతో (గడ్డకట్టించిన అణువుల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చిత్రించే పద్ధతి) మళ్లీ 5:2, అంటే ఐదు ఎక్స్‌బిబిలకి రెండు ఎక్స్‌బిడిలు. రెండు రూపాలూ నిజమేననీ, పీహెచ్‌ని బట్టి మారతాయనీ నా వాదన.

లాసన్స్‌బే
ఒప్పుకోనండీ. బయట పీహెచ్ ఎలా ఉన్నా ఈ.కోలై సైటోప్లాజం (కణం లోపలి ద్రవం) పీహెచ్ 7.5 దగ్గరే నిలబడుతుంది. పైగా పని జరిగేది ఎక్స్‌బిడి 25వ స్థానంలోని ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం దగ్గర. దాన్ని ఆస్పరాజిన్‌గా మారిస్తే మోటారు ఆగిపోతుంది. ఐదు ఎక్స్‌బిబిల మధ్య ఎక్స్‌బిడిల హెలిక్స్‌లు (మరచుట్టు భాగాలు) రెండుంటే ఆ రెండు ఆస్పార్టేట్‌లకీ ఒకేసారి ఒకే పరిసరం దొరకదు. ఒకటి ప్రోటాన్ పట్టుకుంటే రెండోది వదిలే వీలు అక్కడే ఉంది. ఆరు, మూడు సౌష్ఠవంగా కూర్చుంటే మూడూ ఒకే స్థితిలో ఉంటాయి, తిరగడానికి కారణమే ఉండదు. ఇదే కుటుంబంలోని ఫ్లాజెల్లా మోటారు మోట్‌ఎ, మోట్‌బి కూడా 2020లో 5:2గానే తేలింది.

మర్రిపాలెం_మైక్రోబ్
మరి కణంలో ఎక్స్‌బిబి, ఎక్స్‌బిడి, టాన్‌బి 7:2:1 అని 2002లో కొలిచారు కదా?

లాసన్స్‌బే
అది ఎవరి పక్షమూ కాదు. 5:2 అయితే రెండు ఎక్స్‌బిబిలు, 6:3 అయితే మూడు మిగులుతాయి. మిగిలినవి ఇలాంటిదే అయిన టోల్ వ్యవస్థలోని టోల్‌ఆర్ ప్రోటీన్‌తో కలిసే అవకాశమూ ఉంది, ఈ రెండు వ్యవస్థలు కొంతవరకు ఒకదాని పని ఒకటి చేస్తాయి.

కోల్డ్‌రూమ్
పీహెచ్ మీద వాదించే ముందు బఫర్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం) చూడండి. ట్రిస్ బఫర్ పీహెచ్ డిగ్రీకి సుమారు 0.028 మారుతుంది. విశాఖ ఎండాకాలంలో 30 డిగ్రీల దగ్గర 8.0కి సరిచేసి 4 డిగ్రీల గదిలో పెడితే అది 8.7! ఈ ప్రయోగానికి ఆ తేడా చాలా పెద్దది. హెపిస్ వాడండి, వాడే ఉష్ణోగ్రతలోనే పీహెచ్ పెట్టండి. ఇక్కడి తేమలో డీడీఎం డిటర్జెంట్ సీసాని ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే తెరవొద్దు, నీరు పీల్చుకుని తూకం తప్పుతుంది. పొర కరిగించడానికి 1 శాతం డీడీఎం, తర్వాత 0.03 శాతం సరిపోతుంది. ఇంకొకటి, చిత్రాల ప్రాసెసింగ్‌లో ఐదు మడతల సౌష్ఠవం రుద్దితే మధ్యలోని రెండు హెలిక్స్‌లు ఐదు చోట్లకి చెదిరి అలుక్కుపోతాయి. ఎక్స్‌బిడి లెక్క తేలాలంటే సౌష్ఠవం లేకుండా కూడా ఒకసారి నడపాల్సిందే.

మర్రిపాలెం_మైక్రోబ్
సరే మాస్టారూ, డిటర్జెంటే వద్దు. బతికున్న కణాల్లో 1 శాతం ఫార్మాల్డిహైడ్‌తో బంధించి లెక్కపెడదాం.

లాసన్స్‌బే
బంధాలు అసంపూర్ణంగా పడతాయండీ. ఐదున్నా, ఆరున్నా జెల్‌పై రెండేసి, మూడేసి కలిసిన బ్యాండ్లే ముందు కనిపిస్తాయి. శాంపిల్‌ని మరిగిస్తే అవీ విడిపోతాయి, 60 డిగ్రీలు దాటించకండి. ఎవరు ఎవరి పక్కనున్నారో దీంతో తెలుస్తుంది గానీ సంఖ్య తేలదు.