45 దాటినంక పాపట వెడల్పు, చెంపలు బిరుసు: హార్మోన్లా, నీళ్లా?

మిర్యాలగూడ పార్లర్:
నమస్తే. మా పార్లర్‌కు వచ్చే 45–50 ఏళ్ల అక్కలు చాలామంది ఒకటే చెప్తున్నరు. పాపట వెడల్పయింది, జడ సగమైంది, గడ్డం మీద గట్టి వెంట్రుకలు మొలుస్తున్నయి, ఫేషియల్ చేసిన రెండు రోజులకే చెంపలు మళ్లీ బిరుసు. కొందరికి గర్భసంచి తీసేసి ఏండ్లయింది కాబట్టి నెలసరి ఆగే వయసు వచ్చిందో లేదో కూడా తెల్వదు. అందరూ బోరు నీళ్ల మీదనే నెపం పెడుతున్నరు. ఇందులో హార్మోన్లది ఎంత? నేను ఏం చెప్పాలె, ఏం చేయొద్దు?

చర్మవైద్యం, మహబూబ్‌నగర్:
మీరు చెప్పిన నాలుగూ చాలావరకు ఒక తీగకు కాసినవే. చర్మం మందం, తేమ, వెంట్రుక ఎంతకాలం ఎదుగుతుందనేది, వీటన్నిటికీ ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఆసరా. నెలసరి ఆగిన తొలి 5 ఏళ్లలో చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ సుమారు 30 శాతం పోతుంది, ఆ తర్వాత ఏడాదికి 2 శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. 47లో నిండుగా ఉన్న ముఖం 52కల్లా జారినట్టు కనబడేది అందుకే. ఆండ్రోజెన్లు (ఆడవాళ్లలోనూ కొద్దిగా ఉండే మగ హార్మోన్లు) మాత్రం అంత త్వరగా తగ్గవు. తూకం అటు మొగ్గడంతో నడినెత్తిన వెంట్రుక సన్నబడుతుంది, గడ్డం మీద అదే హార్మోన్‌కు ముదురుతుంది.

పాపట తీసి వెలుతురులో చూడండి. నుదుటి అంచు చెదరకుండా, పాపట ముందువైపు వెడల్పై వెనక్కి పోనుపోను ఇరుకవుతుంటే అది హార్మోన్ల తీరు. తలంతా కుచ్చులుగా ఊడుతుంటే 2–3 నెలల కిందట గట్టి జ్వరమో, ఆపరేషనో, తిండి బాగా తగ్గించడమో జరిగిందా అని అడగండి. కనుబొమ్మల బయటి కొనలు పలచబడితే థైరాయిడ్‌ను అనుమానించాలి. మాడు మీద నున్నగా మెరిసే మచ్చ కనబడితే నూనెలతో ఒక్కరోజు కూడా ఆలస్యం చేయనీయకండి, మచ్చకట్టిన చోట వెంట్రుక తిరిగి రాదు. గడ్డం వెంట్రుకలు కొద్ది నెలల్లోనే విపరీతంగా పెరిగి గొంతు కూడా బొంగురుపోతే అది వయసు మార్పు కాదు, వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

మందు కంటే ముందు సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించాలి. హిమోగ్లోబిన్ 12 ఉన్నా ఫెర్రిటిన్ 30 లోపుంటే ఇనుము తక్కువున్నట్టే. జుట్టుకని బయోటిన్ (ఒక బి విటమిన్) బిళ్లలు వాడేవాళ్లు పరీక్షకు 2–3 రోజుల ముందు ఆపాలి, లేకుంటే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా వస్తుంది.

స్టాఫ్ నర్సు, దేవరకొండ:
గర్భసంచి తీసేసినోళ్ల సంగతి చెప్తా అక్కా. మన దిక్కు 40 లోపల్నే తీయించుకున్నోళ్లు చానా మంది ఉన్నరు. వాళ్ల డిశ్చార్జి కాగితం తెప్పించి చూడండి. వట్టి ‘టీఏహెచ్’ అని ఉంటే గర్భసంచి ఒక్కటే పోయింది, అండాశయాలు ఉన్నయి. పక్కన ‘బీఎస్ఓ’ అని కూడా ఉంటే రెండు అండాశయాలూ తీసేసిన్రు, అంటే ఈస్ట్రోజెన్ ఆ రోజే పడిపోయినట్టు. 45 లోపు అట్లయితే చర్మం, జుట్టు కంటే ఎముకలది, గుండెది పెద్ద సమస్య. గైనకాలజిస్ట్ దగ్గర హార్మోన్ మందు గురించి అడగాలె. అండాశయాలు ఉన్నా అవి కొంత ముందుగనే ఆగిపోవచ్చు. రాత్రిళ్లు చెమటలు, ఒంట్లో ఆవిర్లు ఉన్నయా అని అడిగితే అంచనా దొరుకుతది.

ఒట్టి ముడతల కోసం, జుట్టు కోసం హార్మోన్ బిళ్లలు మొదలుపెట్టరు. రొమ్ము క్యాన్సర్ వచ్చినోళ్లకు, కాళ్లల్ల రక్తం గడ్డకట్టినోళ్లకు అసలే పనికిరావు. గర్భసంచి ఉండి, నెలసరి ఆగి ఏడాది దాటినంక ఒక్క చుక్క రక్తం కనబడినా పరీక్ష తప్పనిసరి.

మిర్యాలగూడ పార్లర్:
జుట్టు పెరగడానికి మాడుకు రాసే మినాక్సిడిల్ మందు వాడితే ఉన్నది కూడా ఊడుతదని భయపడుతున్నరు. ముఖానికి ‘తెల్లబడే ట్యూబు’ రాసుకునేవాళ్లూ ఉన్నరు. వీటికి ఏం చెప్పాలె?

ఫార్మసిస్టు, నల్లగొండ:
ఊడే మాట నిజమే, కానీ అది మొదట్లోనే. 2 నుంచి 8 వారాల మధ్య పాత వెంట్రుకలు రాలి కొత్తవాటికి చోటిస్తాయి. ఎక్కువమంది సరిగ్గా అక్కడే ఆపేసి నష్టపోతారు. 2 శాతం ద్రావణమైతే 1 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లు, 5 శాతం ఫోమ్ అయితే అర మూత ఒకసారి. ఆరిన మాడుకు, పాపట పాపటగా విడదీసి చర్మానికి తగిలేటట్టు రాయాలి, వెంట్రుకలకు కాదు. నిద్రకు 2 గంటల ముందే రాయాలి, లేకుంటే దిండుకు అంటి ముఖం మీద నూగు వస్తుంది. ఫలితానికి 4–6 నెలలు ఆగాలి. ఆపేస్తే నిలిచిన జుట్టు కూడా కొన్ని నెలల్లో పోతుంది. గుండె జబ్బు, తక్కువ బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు.

ఆ ట్యూబు సంగతి వినండి. మంగు మచ్చలకని డాక్టర్ కొన్ని వారాలకు రాసిచ్చినదాన్ని ఏళ్ల తరబడి పూస్తున్నారు. అట్ట మీద మొమెటాసోన్, బెటామెథాసోన్, క్లోబెటాసోల్, వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. ఈ వయసులో ముందే పలచబడ్డ చర్మాన్ని ఇంకా పలచన చేస్తుంది. ఎర్రటి నరాలు తేలుతాయి, నూగు పెరుగుతుంది, ఆపిన వారానికే మంట, మొటిమలు. నెలలుగా వాడినవాళ్లను టక్కున ఆపమనకండి, చర్మ డాక్టర్ దగ్గరికి పంపండి.

చర్మవైద్యం, మహబూబ్‌నగర్:
బిరుసుకు స్నానమైన 3 నిమిషాల్లో, ఒంటి తడి ఆరకముందే గ్లిజరిన్ లేదా సెరమైడ్ ఉన్న క్రీమ్ పూయాలి. పత్తి చేనుకు పోయేవాళ్లకు రెండు వేళ్ల పొడవు సన్‌స్క్రీన్, ఎస్పీఎఫ్ 30 పైన, దానికి తోడు తలకు రుమాలు. మంగు ఉంటే ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మేలు. ముడతలకు ట్రెటినాయిన్ (విటమిన్ ఎ రకం క్రీమ్) 0.025 శాతం: ముఖం కడిగి 20 నిమిషాలు ఆరాక, శనగగింజంత, వారానికి రెండు రాత్రులే మొదలు. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకు వద్దు.

బోరు నీళ్లలోని సున్నం సబ్బుతో కలిసి వెంట్రుక మీద పొరకట్టి చిక్కులు పెట్టి తెంపుతుంది. కుదురు నుంచి ఊడిన వెంట్రుకకు కొనన చిన్న తెల్ల ఉండ ఉంటుంది, తెగినదానికి ఉండదు. దువ్వెనలోవి తీసి చూపించండి, తేడా వాళ్లకే తెలుస్తుంది. తెగుతుంటే చివరి రెండు చెంబులు మిషన్ భగీరథ నల్లా నీళ్లతో పోసుకోమనండి.

మీ పనిలో జాగ్రత్త ఒకటి: ట్రెటినాయిన్ వాడే ముఖానికి వ్యాక్స్ పెడితే పై చర్మం పొరలా లేచి వస్తుంది, బ్లీచ్ పెడితే మండి నల్లబడుతుంది. కనీసం వారం ముందు ఆ క్రీమ్ ఆపించండి. గడ్డం మీద నాలుగైదే ఉంటే దారంతో తీస్తే సరిపోతుంది.