గాబాపెంటిన్ తగ్గించేది బిగుతునా, నొప్పినా?

చక్రాల కుర్చీ: వెన్నుపాము గాయం వల్ల నా కాళ్లు బిగుసుకుపోతాయి. మంచం మీది నుంచి కుర్చీలోకి మారేటప్పుడు మోకాలు ఒక్కసారిగా చాచుకుని మడమ ఫుట్‌రెస్ట్‌కు కొట్టుకుంటుంది. బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మందుతో పగలంతా మగతగా ఉంటోందని చెబితే డాక్టరుగారు గాబాపెంటిన్ మాట ఎత్తారు. ఫిట్స్ మందు దీనికి పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం ఉందా?

సందేహి: ఆధారం ఉంది, కానీ పలచనిది. 1997లో వెన్నుపాము గాయమైన 28 మందిపై జరిగిన పరీక్షలో మందు ఇచ్చింది 48 గంటలే. 2000లో మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాముల్లో నరాల పైపొర దెబ్బతినే జబ్బు) ఉన్న 22 మందికి రోజుకు 2,700 మి.గ్రా. వరకు ఇచ్చి చూసినప్పుడు ఈడ్పులు, బిగుతు తగ్గిన మాట నిజమే. అయితే కొలిచిన యాష్‌వర్త్ స్కేలు ఏమిటి? పరీక్షించేవారు కాలును చేత్తో వంచి, ఎదురొచ్చే బిగువును బట్టి 0 నుంచి 4 వరకు వేసే అంచనా. చేయి మారితే అంకె మారవచ్చు. పైగా ఈ మందూ మగత తెస్తుంది కాబట్టి, తనకు అసలు మందు పడిందో ఉత్తుత్తి మాత్ర పడిందో రోగి పసిగట్టగలడు. నా లెక్కలో తగ్గింది ప్రధానంగా నొప్పే.

ఫిజియో: నొప్పిని అలా విడదీయలేమండీ. పుండో, బిగుతు చెప్పులో రేపిన నొప్పి కూడా ఈడ్పులను పెంచుతుంది. నొప్పి తగ్గితే అవీ సద్దుమణుగుతాయి. పేరులో ‘గాబా’ ఉన్నా ఈ మందు గాబా (నరాలను శాంతపరిచే రసాయనం) గ్రాహకాలకు అంటుకోదు, నరాల కొనల్లోని కాల్షియం మార్గాల మీద పనిచేస్తుంది. బాక్లోఫెన్ పనిచేసేది ఆ గాబా గ్రాహకాల మీదే. అంటే దాని దారి వేరు, దీని దారి వేరు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో బిగుతుకు బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2014లో ఈ రెంటిలో దేనితోనైనా మొదలుపెట్టవచ్చన్నది. 2022లో బాక్లోఫెన్‌ను ముందుంచి, అది పడకపోతేనో చాలకపోతేనో గాబాపెంటిన్‌ను పరిశీలించమన్నది.

సందేహి: ఆ సూచన మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు, వెన్నుపాము గాయానికి కాదు. మోతాదు పెంచినంతగా ఫలం పెరగదు కూడా: రోజుకు 900 మి.గ్రా. తీసుకుంటే సుమారు 60 శాతం ఒంటబడుతుంది, 3,600 అయితే 33 శాతమే. ఒంటబడినది మూత్రపిండాల గుండానే బయటికి పోతుంది, కాబట్టి ముందు వాటి పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడాలి.

ఫిజియో: ఒప్పుకుంటాను. ఇంకొకటి, కొందరు ఆ బిగువు ఆసరాతోనే నిలబడతారు. అది పూర్తిగా పోతే కాళ్లు కూలబడతాయి. మీరు నిలబడటానికి దాన్ని వాడుకుంటున్నారా?

చక్రాల కుర్చీ: అవును, మంచం దిగే ఆ రెండు క్షణాలూ దాని మీదే నిలబడతాను. ఈ సంగతి డాక్టరుగారికి ఇంతవరకు చెప్పలేదు. బాక్లోఫెన్‌ను హఠాత్తుగా ఆపకూడదని తెలుసు. ఆయన్ను అడిగాకే ఏదైనా మారుస్తాను.