నాన్న కంపెనీ ఇన్సూరెన్స్‌లో పేరుంటే చాలా, అమ్మ వేరే పాలసీ తీసుకోవాలా?

నీలాంబరి, విజయవాడ:
విడాకుల కేసు నడుస్తోంది. ఏడేళ్ల బాబు నా దగ్గరే ఉంటాడు, ఉబ్బసం ఉంది. వాళ్ల నాన్న కంపెనీ తన ఉద్యోగులకు కలిపి తీసుకున్న ఆరోగ్య బీమాలో (గ్రూప్ పాలసీ) వాడి పేరుంది. "అందులో ఉందిగా, నువ్వెందుకు మళ్లీ కట్టడం" అంటున్నారు మా వాళ్లు. మీరేమంటారు?

కృష్ణాతీరం:
కట్టకండి. గ్రూప్ పాలసీల్లో చాలావాటికి పాత జబ్బులకు వెయిటింగ్, అంటే క్లెయిమ్ ఇవ్వకుండా ఆగమనే గడువు, ఉండదు. కొత్తగా తీసుకుంటే ఉబ్బసానికి మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. బిడ్డ వైద్యం తండ్రి బాధ్యత కూడా. ఆయన్ని ఎందుకు వదిలేస్తారు?

చలివేంద్రం:
వెయిటింగ్ సంగతి నిజమే, కానీ దాని మీదే భరోసా పెట్టుకోమంటే నేను ఒప్పుకోను. మా అక్క కూడా బావతో విడిగానే ఉంటోంది. పాపకు డెంగీ వచ్చి రాత్రిపూట ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఈ-కార్డు, ఉద్యోగి ఐడీ అడిగారు. రెండూ బావ దగ్గరే. ఆయన ఫోన్ ఎత్తలేదు. అడ్వాన్స్ కట్టడానికి అక్క గాజులు తాకట్టు పెట్టింది. తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లు తిరిగిచ్చిన (రీయింబర్స్‌మెంట్) డబ్బు ఎక్కడ పడిందనుకున్నారు? బావ ఖాతాలో. అది రాబట్టడానికి పెద్దమనుషుల చుట్టూ తిరిగింది. పైగా మీ బాబు వాళ్ల నాన్న ఉద్యోగం మానేస్తే కవర్ పోతుంది, ఆ కబురు మీకు చెప్పేవాళ్లుండరు.

మీరూ బాబూ కలిపి ఒక ఫ్లోటర్ (ఇద్దరికీ ఒకే కవర్ ఉండే పాలసీ) తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా లేదు. ప్రీమియం రసీదు భరణం కేసులో పెట్టండి. రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు పిల్లల పోషణ ఖర్చులో వైద్యాన్నీ చేర్చింది.

నీలాంబరి:
ఉబ్బసం సంగతి రాయొద్దంటున్నాడు ఏజెంటు...

చలివేంద్రం:
అస్సలు దాచకండి. రేపు ఆయాసంతోనే అడ్మిట్ అయితే పాత రికార్డులు తీస్తారు, క్లెయిమ్ పోతుంది. ఏజెంటు అప్పుడు కనపడడు.

కృష్ణాతీరం:
నెలకు పదిహేను వేలు తెచ్చుకునే తల్లికి ప్రీమియం చిన్న భారమా? భరణమే సరిగా ఇవ్వనివాళ్లు ప్రీమియం ఇస్తారా? నా మాట మీదే నేనున్నాను.

డాలస్ వదిన:
ఇక్కడ అమెరికాలో పిల్లల వైద్యానికి కోర్టు ఇచ్చే ఆర్డరు నేరుగా తండ్రి కంపెనీకి వెళ్తుంది. బిడ్డ తండ్రి దగ్గర ఉండటం లేదన్న కారణంతో కంపెనీ ప్లాన్ చేర్చుకోననకూడదు, తల్లి పెట్టిన ఖర్చు తల్లికే తిరిగివ్వాలి. 1993 నుంచి చట్టం అది. మన దగ్గరా ఇలాంటిది రావాలి. అంతవరకు లాయరుగారితో కాగితం మీద రాయించుకోమ్మా.

చలివేంద్రం:
వదినగారు చెప్పింది సరైన దారి. కృష్ణాతీరం గారూ, గ్రూప్ పాలసీ మానేయమని నేను అనలేదు. కొత్తదాంట్లో వెయిటింగ్ అయ్యేదాకా రెండూ ఉండాలి. నీలాంబరి గారూ, ఈ-కార్డు కాపీ మీకివ్వాలి, ఉద్యోగం మారేముందు చెప్పాలి, క్లెయిమ్ డబ్బు వారంలో మీ ఖాతాకు పంపాలి అని ఒప్పందంలో పెట్టించండి. ఆ గ్రూప్ పాలసీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీలోనే సొంత పాలసీకి మారే వీలుంటుంది. అలా మారితే ఇన్నాళ్లు గడిచిన కాలం వెయిటింగ్‌లో కలుస్తుంది. ఆయన ఉద్యోగంలో ఉండగానే అడగండి.