అప్‌డేట్: చదువుతుంటే మెడ పట్టేయడం – తప్పు కుర్చీది కాదు

రెండు నెలల కిందట ఇక్కడే అడిగాను: కిటికీ పక్కన పుస్తకం పట్టుకుని కూర్చుంటే అరగంటకే మెడ పట్టేస్తోంది, అక్షరాలు అలుక్కుపోతున్నాయి, ఏ కుర్చీ కొనమంటారు అని. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

"కుర్చీ సంగతి తర్వాత, ముందు కళ్ళు చూపించుకోండి" అన్న ఒక్కరి మాటే నిజమైంది. చత్వారం వచ్చాక నేను ప్రోగ్రెసివ్ కళ్ళజోడు (దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో పవర్ ఉండేది) వాడుతున్నాను. దగ్గరివి చూసే పవర్ ఆ అద్దాల్లో కింది భాగాన ఉంటుంది. నేనేమో వెనక్కి వాలి, పుస్తకం మొహం ఎత్తుకి పట్టుకుని చదివే మనిషిని. అక్షరం కనబడాలంటే గడ్డం పైకెత్తాల్సిందే! అదీ మెడ నొప్పి కథ. డాక్టరు గారు చదువుకోడానికి విడిగా ఒకే పవరున్న జోడు రాసిచ్చారు, పుస్తకం సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో ఉండేలా లెక్కకట్టి. వారంలో నొప్పి పోయింది.

లైటు సలహా కూడా పనికొచ్చింది. దీపం భుజం వెనక నుంచి పడేలా జరిపాక నున్నటి కాగితం మీద మెరుపు తగ్గింది. మెడ దిండు మాత్రం శుద్ధ దండగ, ఇప్పుడది పిల్లి పాలైంది.

కుర్చీ కొనలేదు. నిన్న మధ్యాహ్నం ఆ పాతదాంట్లోనే కూర్చున్నదాన్ని, చీకటి పడితేగానీ లేవలేదు.